మేడమ్‌కి సగం, బాబాయికి సగం

మా బాబాయి ఎక్కినన్ని అంతస్తులు ఈ భూమ్మీద ఇంకే మనిషీ ఎక్కి ఉండడు. ఇది కోత కాదు. నేను లెక్కల పరీక్షకి భయపడి బడి మానేశానని మా అమ్మ ఊరంతా చెబుతుంది. అసలు భయపడింది పరీక్షే. ఆ సంగతి అలా ఉంచి, ఒకసారి తీరిగ్గా కూర్చుని లెక్క కట్టాను. బాబాయి లిఫ్టులో పైకి వెళ్ళిన దూరమంతా ఒకదానిమీద ఒకటి పేరిస్తే, చంద్రుడి దాకా వెళ్ళి, అక్కడ కాళ్ళు కడుక్కుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు.

అంత ప్రయాణం చేసిన మనిషి దారిలో చూసింది మాత్రం ఇనప జాలీ తలుపు, ఒక స్టూలు, జనాల వీపులు. అంతే.

పెద్ద ఆఫీసుల మేడలో ఆయన లిఫ్టు నడిపేవాడు. ఇత్తడి పిడి పట్టుకుని తిప్పే పాతకాలపు లిఫ్టు. రోజంతా ఆయన నోట్లోంచి వచ్చే మాటలు రెండే. "పైకా? కిందకా?" ఇంటికొచ్చాక ఆ రెండూ కూడా ఉండవు. "మా మరిదితో కబుర్లాడేకంటే ఫ్రిజ్‌తో ఆడటం నయం. అది కనీసం గుర్రుమంటుంది" అనేది మా అమ్మ. మా పిన్ని పోయినప్పుడు కూడా ఆయన కంట తడి చూసినవాళ్ళు లేరు. కార్యక్రమాలన్నీ అయిన మర్నాడే వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. ఎవరో పెద్దాఫీసరు లిఫ్టులోకి వచ్చి భుజం మీద చెయ్యేసి, "చాలా బాధాకరం" అన్నాడట. బాబాయి ఆయన మొహంలోకి చూసి, "ఏ అంతస్తండీ?" అని అడిగాడట.

రాయి అన్నారు జనం. నేనూ అన్నాను. నేనైతే ఇంకో నాలుగు కలిపి అన్నాను, నాకు ఉన్నదున్నట్టు చెప్పడం చేతకాదు.

తర్వాత ఆ లిఫ్టు తీసేసి మీటలు నొక్కే లిఫ్టు పెట్టారు. దానికి మనిషితో పని లేదు. బాబాయిని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయనకి తేడా తెలిసినట్టు లేదు. ఇదివరకు కూర్చుని పైకీ కిందకీ వెళ్ళేవాడు, ఇప్పుడు ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చునేవాడు. మేడమ్ వచ్చింది ఆ రోజుల్లోనే.

మేడమ్ అంటే ఏ ఆఫీసరమ్మో అనుకునేరు. కుక్క. మట్టి రంగు, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి ఉంటుంది. ఆ మేడ వెనక జనరేటర్ గది పక్కన కొన్ని వీధికుక్కలు ఉండేవి. ఎవరికి కంటగింపు అయ్యాయో, అన్నంలో విషం కలిపి పెట్టారు. తినడానికి ఆలస్యంగా వచ్చిన ఈ ఒక్కటే మిగిలింది. మిగిలినవి ఏం తిని ఎలా పడిపోయాయో అది చూసింది. ఆ తర్వాత ఎవరు ఏం పెట్టినా ముట్టలేదు. డొక్కలు లోపలికి పోయి, ఎముకలు లెక్కపెట్టేలా తయారైంది.

బాబాయి దాన్ని పిలవలేదు, బుజ్జగించలేదు. మధ్యాహ్నం డబ్బా తెరిచి, రొట్టె సగానికి చించి, ఒక ముక్క తిన్నాడు. రెండో ముక్క నేల మీద పెట్టాడు. అది దూరంగా నిలబడి ఆయన దవడలకేసి చూసింది. మింగేదాకా చూసింది. మింగాక కూడా కాసేపు ఆగింది, ఈ మనిషి ఇప్పుడు పడిపోతాడా, కాసేపాగి పడిపోతాడా అని. పడిపోలేదు. అప్పుడు వచ్చి తింది.

ఇక అదే పద్ధతి. ఆయన ముందు తినాలి, మింగాలి, బతికే ఉండాలి. అప్పుడుగానీ ఈవిడగారు భోంచేసేది కాదు.

బాబాయిని పని నుంచి పంపించేసిన రోజున ఆయన ఆ కుక్కని కొత్త లిఫ్టులోకి తీసుకెళ్ళి, "పైకా, కిందకా, మేడమ్?" అని అడిగాడట. వాచ్‌మన్ చెప్పాడు నాకు. మా బాబాయి జన్మలో వేసిన జోకు అదొక్కటే, అదీ కుక్కతో. ఆ పేరే ఖాయమైపోయింది. మా ఇంటి పై వాటాలో ఒంటిగదిలో ఉంటాడు బాబాయి, అక్కడికే తెచ్చుకున్నాడు. రొట్టె సగం, గుడ్డు సగం, అరటిపండు సగం. చివరికి బిస్కెట్టు కూడా మధ్యకి విరిచేవాడు. ఒకరోజు అది చూసి మా అమ్మ ఊరుకోలేకపోయింది.

"ఏమయ్యా, కట్టుకున్నది తిందో లేదో ఏనాడైనా ఇలా చూశావా?"

బాబాయి బిస్కెట్టు నమిలి, మింగి, నోరు తెరిచి మేడమ్‌కి చూపించాడు.

అలా ఉండగా వీధి మలుపులో వేరే కుక్కతో గొడవపడి మేడమ్ ముందు కాలు కొరికించుకుని వచ్చింది. వేళ్ళ మధ్య గాటు. పైకి చిన్నదే. రెండ్రోజుల్లో పాదం వాచి బన్నులా అయింది. చీము కారుతోంది, కాలు కింద పెట్టడం లేదు. బాబాయి దాని పక్కనే నేల మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు.

"డాక్టరుకి చూపిద్దామా, బాబాయ్?" అన్నాను.

"ఊఁ."

నేను పార్సిళ్ళు చేరవేసే బండి నడుపుతాను. ఈ ఊళ్ళో నా అంత వేగంగా బండి నడిపేవాడు లేడు, ఒకసారి నా నీడే వెనకబడిపోయింది. ఇద్దరి మధ్యన మేడమ్‌ని కూర్చోబెట్టుకుని టైర్ల షాపు పక్కనున్న జంతువుల ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పొట్టిగా ఉంటుంది. చేతుల నిండా పిల్లి గీతలు. గాయం కడిగి, సూది తీసింది. సూది చూసి మేడమ్ చేసిన గలాటాకి పక్క షాపులో రెండు టైర్లు పేలాయి. డాక్టరమ్మ సూది పక్కన పెట్టేసింది.

"మాత్రలిస్తాను. యాంటీబయాటిక్. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఏదైనా తినిపించి వెయ్యండి. దాని బరువు చూసి లెక్క కట్టి రాస్తున్నాను, కాబట్టి ఒక్కటి కూడా మానకూడదు. నాలుగు రోజులకి తగ్గినట్టే కనిపిస్తుంది. అప్పుడే అందరూ ఆపేస్తారు. మీరు ఆపకండి."

"అలాగేనమ్మా," అన్నాడు బాబాయి.

"చీము లోపలికి పోయింది. ఎముకకి పాకిందంటే కాలు తీసెయ్యాల్సి వస్తుంది. అర్థమైందా?"

"అర్థమైందమ్మా."

"మీరు నిశ్చింతగా ఉండండి, డాక్టరమ్మా," అన్నాను నేను. "మందుల సంగతి నాకు కొట్టినపిండి. ఒకప్పుడు మందుల షాపుకి మూడు పార్సిళ్ళు చేరవేశాను."

ఆవిడ నాకేసి చూసిన చూపుకి ఇంకొకరైతే బడికి తిరిగి వెళ్ళిపోయేవారు.

మొదట్లో వాపు తగ్గింది. మేడమ్ కాలు ఆనించి నాలుగడుగులు వేసింది కూడా. తర్వాత మళ్ళీ మొదలు. ఈసారి వాపు పాదం దాటి పైకెక్కింది. మళ్ళీ తీసుకెళ్ళాం. డాక్టరమ్మ మాత్రల అట్ట అడిగి తీసుకుని వెలుగులో పెట్టి చూసింది. అన్ని గుంటలూ ఖాళీ.

"అన్నీ అయిపోయాయి కదా?"

"ఒక్కటీ మిగల్లేదమ్మా," అన్నాడు బాబాయి.

"వాంతి చేసుకుంటోందా?"

"లేదమ్మా."

"బుగ్గన పెట్టుకుని తర్వాత ఉమ్మేస్తోందా?"

"నమిలి మింగుతుందమ్మా."

ఆవిడ అదే మందు మళ్ళీ ఇచ్చింది. చీము కొంచెం తీసి పరీక్షకి పంపింది, ఏ మందుకి ఆ క్రిములు చస్తాయో తేలుతుందట. తేలింది. మేడమ్‌కి ఇస్తున్న మందుకే శుభ్రంగా చస్తాయట. గాజు పళ్ళెంలో చచ్చే క్రిములు మేడమ్ కాల్లో ఎందుకు చావడం లేదో ఆవిడకి అంతుపట్టలేదు. మాత్రలు ఖాళీ అవుతున్నాయి, వాపు పెరుగుతోంది.

"మరో వారం చూద్దాం," అంది ఫోన్లో. "తగ్గకపోతే కాలు భుజం దగ్గరికి తీసెయ్యడమే. ఆలస్యం చేస్తే ప్రాణం మీదకొస్తుంది."

నేను ఆ మాట చెబితే బాబాయి "సరే" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా అమ్మకి ఇంకా మండింది. "కాలు పోతే పోయిందిగానీ, మనిషన్నాక అయ్యో అనన్నా అనాలి కదరా. ఆ 'సరే' ఏమిట్రా, కూరగాయలు తెమ్మన్నట్టు?"

ఆ వారం గడిచి ఆస్పత్రికి బయల్దేరే రోజు పొద్దున నేను పైకి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. బాబాయి నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు, ఎదురుగా మేడమ్. మధ్యలో పళ్ళెం. పళ్ళెంలో మాత్ర. చిన్న చాకుతో దాన్ని సరిగ్గా మధ్యకి కోశాడు. ఒక ముక్క తన నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, మింగి, నోరు తెరిచి నాలుక బయటపెట్టి చూపించాడు. మేడమ్ ఆ నోట్లోకి శ్రద్ధగా చూసింది. కాసేపు ఆగింది. తర్వాత రెండో ముక్క నాకి నమిలింది.

నాకు నవ్వాగలేదు. ఇంత మంచి కథ తేరగా దొరికిందని సంబరపడ్డాను. అంతకు మించి నాకేమీ తట్టలేదు. తట్టి ఉంటే బళ్ళోనే ఉండేవాణ్ణి.

ఆస్పత్రిలో మేడమ్‌ని స్టీలు బల్ల మీద పడుకోబెట్టి ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ మొహం గంభీరంగా ఉంది. అలాంటి చోట నా నోరు ఊరుకోదు. మా వీధిలో ఒక పిల్లి ఆకుపచ్చ రంగు డబ్బా తాగేసి ఆరు నెలలు ఆకుపచ్చగా అరిచిందని చెప్పాను. ఆవిడ ఎక్స్‌రే చూసుకుంటోంది. అప్పుడు కొత్త సరుకు విప్పాను.

"మా బాబాయి సంగతి తెలుసా, డాక్టరమ్మా? దాని మాత్రలో సగం ఈయనే మింగుతాడు. ఇంకో వారం పోతే పోస్టుమాన్ వెంటపడేది ఈయనే."

"మీ కోతలు బయటికెళ్ళి కొయ్యండి," అంది ఆవిడ తలెత్తకుండా.

"నిజమేనమ్మా," అన్నాడు బాబాయి.

డాక్టరమ్మ తలెత్తింది.

"ఏది నిజం?"

"సగం నేను తింటానమ్మా."

"ఎప్పట్నుంచీ?"

"మొదట్నుంచీ."

"ఎందుకండీ?"

"నేను తినకపోతే తను తినదు."

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. మేడమ్ బల్ల మీద గోళ్ళు గీరుతోంది. ఆ తర్వాత ఆవిడ మెల్లగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. మాత్ర మొత్తం వేస్తేనే మందు సరిపోతుంది. సగం వేస్తే క్రిములు కొన్ని చస్తాయి, కొన్ని స్పృహ తప్పి మళ్ళీ లేస్తాయి. లేచినవి కాలు తింటున్నాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే సగం సగం తగిలితే వాటికి మందు అలవాటైపోయి, ఆ తర్వాత మొత్తం వేసినా చావవు.

బాబాయి తలూపాడు.

"మరి మీకేమీ కాలేదా? కడుపులో నొప్పి, విరేచనాలు, దద్దుర్లు?"

బాబాయి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "ఏమోనమ్మా. తెలీలేదు."

"రొట్టెలో పెట్టి ఇవ్వకపోయారా? ఉత్తి ముక్క మీరు తిని, మాత్ర ఉన్న ముక్క దానికి పెడితే సరిపోయేది."

"మొదటిరోజు అలాగే చేశానమ్మా. రెండూ వాసన చూసింది. మంచం కిందకి పోయింది. ఆ రోజంతా ఏమీ తినలేదు."

అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "దీనికింత తలనొప్పి ఎందుకు? రెండు మాత్రలు తియ్యండి. ఒకటి మొత్తం బాబాయి, ఒకటి మొత్తం మేడమ్. లెక్క సరిపోయింది!"

"మీరు ఎంతవరకు చదివారు?" అంది డాక్టరమ్మ.

"అవసరమైనంత వరకు."

"ఆయన ఇంకొక్క ముక్క మింగితే ముందు మిమ్మల్ని పట్టుకుంటాను. రోగం లేని మనిషి కుక్క మందు తినడమేంటి?" అని బాబాయి వైపు తిరిగింది. "ఎక్స్‌రేలో ఎముక ఇంకా బాగానే ఉంది. ఒక్క అవకాశం ఉంది. ఈ పూట నుంచి మాత్ర మొత్తం పడాలి. వారంలో వాపు దిగిందా, కాలు దక్కుతుంది. దిగకపోతే ఇక నన్నేమీ అడగొద్దు."

పద్ధతి చూపించబోయింది. ఎడమ చేత్తో పై దవడ పట్టుకుని తల పైకెత్తాలి, కుడిచేత్తో నోరు తెరిచి మాత్ర నాలుక మొదలు దగ్గర వెయ్యాలి, మూతి మూసి పట్టుకుని గొంతు నిమరాలి. కానీ ఆవిడ చెయ్యి మూతి దగ్గరికి రాగానే మేడమ్ పళ్ళు బయటపెట్టింది. సాయానికి నేను పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్న వేగానికి గాలి ఈల వేసింది.

"మీరే చెయ్యాలి," అంది డాక్టరమ్మ బాబాయితో. "నోటి మీద మీ చెయ్యి తప్ప ఎవరి చెయ్యీ పడనివ్వదు."

"నేను తినకుండానా?"

"తినకుండా."

బాబాయి మేడమ్ వాలిన చెవిని వేలితో తాకాడు. "అది నాకేసి చూస్తుందమ్మా."

"చూడనివ్వండి."

ఆ సాయంత్రం నేనూ అమ్మా గుమ్మంలో నిలబడ్డాం. బాబాయి మాత్ర అరచేతిలో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. మేడమ్ కుంటుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుని ఆయన నోటికేసి చూడసాగింది. చాకు లేదు, పళ్ళెం లేదు. అది ఓపిగ్గా ఎదురుచూసింది. బాబాయి ఎడం చేత్తో దాని పై దవడ పట్టుకున్నాడు. తల పైకెత్తాడు. వేళ్ళు లోపలికి పెట్టి మాత్ర వదిలి, మూతి మూసేసి, గొంతు నిమిరాడు.

కరవాలంటే కరవగలదు. కరవలేదు. ఒళ్ళంతా కొయ్యలా బిగించేసింది. మాత్ర దిగిందని తెలిశాక ఆయన వదిలేశాడు. అది వెనక్కి జరిగి, గోడకి ఆనుకుని నిలబడి, ఆయన్ని చూసింది. చాలాసేపు చూసింది. తనకేదో అవుతుందని ఎదురుచూస్తున్నట్టు ఉంది. ఏమీ కాలేదు. మంచం కిందకి పోయింది.

"పాపం రా," అంది అమ్మ, ఎవరి గురించో చెప్పకుండా.

బాబాయి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

అప్పట్నుంచీ పొద్దునా సాయంత్రం అదే తంతు. ఆయన అడుగుల చప్పుడు వినగానే మేడమ్ మంచం కిందకి దూరేది. ఆయన బోర్లా పడుకుని చెయ్యి చాచి బయటికి లాగేవాడు. అది మొరిగేది కాదు, పెనుగులాడేది కాదు. నోరు తెరిపించుకుని, మింగి, వెళ్ళిపోయేది. ఆయన రొట్టె సగం చించి తిని చూపిస్తే మొహం తిప్పుకునేది. ఆ తినడం మీద నమ్మకం పోయింది. ముక్క అక్కడే ఎండిపోయేది. బాబాయి గదిలో లేనప్పుడు మాత్రం ఎప్పుడో వచ్చి తినేది. ఎవరూ ముందు తినకుండా తనంతట తనే తినడం అలా నేర్చుకుంది.

ఒకరోజు అమ్మ, "కాస్త బుజ్జగించి వెయ్యకూడదటయ్యా? అది నిన్ను చూసి వణుకుతోంది," అంది.

"వాపు దిగుతోంది, వదినా," అన్నాడు బాబాయి.

దిగింది. వారం తర్వాత డాక్టరమ్మ పాదం నొక్కి చూసి, మొదటిసారి నవ్వింది. "కాలు దక్కింది. అయినా గాయం పూర్తిగా మానేదాకా మాత్రలు ఆపకండి." బాబాయి ఆపలేదు. గాటు పూడి కొత్త చర్మం వచ్చింది, దాని మీద వెంట్రుకలు మొలిచాయి. ఆఖరి అట్ట ఖాళీ అయిన రోజున మేడమ్ మా మెట్లు నాలుగు కాళ్ళ మీద గబగబా దిగి వీధిలోకి పరుగెత్తింది. నా బండితో పోటీ పడి గెలిచిందని చెబుదామనుకున్నాను. కానీ ఆ రోజు నా బండి రిపేరుకి వెళ్ళింది.

"ఇక మాత్రల్లేవు కదా, బాబాయ్. పాత పద్ధతిలో మళ్ళీ మొదలుపెట్టు. నాలుగు రోజుల్లో మర్చిపోతుంది," అన్నాను.

బాబాయి మొదలుపెట్టాడు కూడా. మధ్యాహ్నం రొట్టె చించి, తన ముక్క తిని, నోరు తెరిచి చూపించాడు. మేడమ్ గుమ్మం అవతల నిలబడి ఆయన చేతులకేసి చూసింది. నోటికేసి కాదు. ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. అయినా అది లోపలికి రాలేదు.

నాలుగు రోజులు కాదు, నెల దాటింది. మొన్న మధ్యాహ్నం పార్సిలు ఒకటి ఇచ్చి తిరిగొస్తూ ఇంట్లోకి వెళ్ళబోతే, బాబాయి పై మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మంచి ఎండ. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆయన మొహంలో ఎప్పటిలాగే ఏమీ లేదు.

"ఏంటి బాబాయ్, గది వదిలేసి ఎండలో కూర్చున్నావు?"

"లోపల మేడమ్ భోంచేస్తోంది."

దీనికి నా దగ్గర జోకు లేకపోలేదు. ఆయన కింది మెట్టు మీద కూర్చున్నాను. లోపల గిన్నె నేల మీద కొంచెం కొంచెంగా జరుగుతున్న చప్పుడు. అది ఆగి, గోళ్ళ చప్పుడు కిటికీ వైపు వెళ్ళేదాకా బాబాయి లేవలేదు.